పక్కింటి సంక్రాంతి

సంక్రాంతి ఎలా ఉంటుందో నేను కథలు చదివి తెలుసుకున్నాను. మా ఇంట్లో ఆ పండగ లేదని కాదు. హనుమకొండలో మేమూ భోగినాడు తలస్నానాలు చేసేవాళ్లం, వాకిలి నిండా ముగ్గులు వేసేవాళ్లం, గొబ్బెమ్మల మీద రేగుపండ్లు, నవధాన్యాలు పెట్టేవాళ్లం. పండక్కి వారం ముందు నుంచే అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి ఉతికిన తెల్ల ధోవతి పరిచి దాని మీద సకినాలు చుట్టేవాళ్లు. నోము పట్టినవాళ్లు పసుపు కుంకుమలతో పాటు గాజులో, స్టీలు గిన్నెలో ఇల్లిల్లూ తిరిగి పంచిపెట్టేవాళ్లు.

అయినా పత్రికల్లో చదివిన సంక్రాంతి ముందు ఇదేం పండగ అనిపించేది. ఆ సంక్రాంతిలో కాలువ గట్టు ఉండేది. గట్టు మీద ఎడ్లబండి, బండిలో పట్నం నుంచి వస్తున్న బావ. మంచులో హరిదాసు, తల మీద అక్షయపాత్ర. పట్టులంగా కట్టుకుని గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడే మరదలు. బండి చప్పుడు వినగానే ఆ అమ్మాయి పాటలో చరణం తప్పాలి. తప్పకపోతే అది పండగ కథే కాదు. మా ఇంటి దగ్గర కాలువ లేదు. పట్నం నుంచి వచ్చే బావ అసలే లేడు. ఉన్న ఒక్క బావ కాజీపేటలో ఉండేవాడు. బస్సులో వచ్చి, సకినాలు తిని, కొన్ని కాగితంలో కట్టించుకుని మళ్లీ బస్సులోనే వెళ్లిపోయేవాడు.

ఇది 1980 ప్రాంతం సంగతి. మా పక్కింట్లో ఒక టీచరమ్మ అద్దెకు ఉండేది. వాళ్లది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆమె భర్తకు కాకతీయ యూనివర్సిటీలో గుమాస్తా ఉద్యోగం. ఇంట్లో మంచాలు, కుర్చీలు తక్కువే కానీ పత్రికలకు లోటు లేదు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, యువ, స్వాతి, ఇంకా ఏవేవో. ఆమె చదివేశాక అవి గోడ మీదుగా మా ఇంటికి వచ్చేవి. "అక్కయ్యగారూ, పిల్లకివ్వండి, నేను చదివేశాను" అనేది. అమ్మ అందుకుంటూ, "ఈ పిల్ల పాడు చేత్తదేమో చూడమ్మా, నీవి పైసలు వెట్టి కొన్న పుస్తకాలు" అనేది. పాడు చేయడమంటే చింపడమా, నేను చెడిపోవడమా అన్నది అమ్మ ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు.

పండగకు లావుపాటి సంచిక తేవడం మన పత్రికలకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టింది బొంబాయిలో. తొలి రోజుల నుంచే ఉగాదికి ప్రత్యేక సంచిక తేవడం వాళ్లకు ఆనవాయితీ అయింది. అదే బొంబాయిలో 1909లో మనోరంజన్ అనే మరాఠీ పత్రిక దీపావళి సంచిక తెచ్చింది. మరాఠీవాళ్ల 'దివాళీ అంక్'లు అక్కడి నుంచి మొదలై ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. బెంగాలీలకు దుర్గాపూజ సంచికలు సరేసరి. మనవాళ్లు ఉగాదితో మొదలుపెట్టి దీపావళి, సంక్రాంతి అన్నిటికీ పాకించారు. ఇందులో నాకు నచ్చే సంగతి ఇంకొకటుంది. నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనమే ఆ పత్రికకు దన్ను. మద్రాసులో కె.ఎన్. కేసరిగారు లోధ్ర అనే ఆడవాళ్ల మందు అమ్మి, 1928 నుంచి గృహలక్ష్మి పత్రిక నడిపారు. అంటే మన సాహిత్యాన్ని చాలాకాలం తలనొప్పి మందు, స్త్రీల టానిక్కు కలిసి పోషించాయన్నమాట. పత్రికలు చదివితే తలనొప్పి వస్తుందని తిట్టే మా నాయనకు ఈ సంగతి అప్పట్లో తెలిసి ఉంటే బాగుండేది.

నా వరకు పండగ సంచికంటే యువ దీపావళి సంచిక. చక్రపాణిగారి పత్రిక అది. చందమామ కూడా ఆయనా, నాగిరెడ్డిగారూ కలిసి 1947లో మొదలుపెట్టిందే కాబట్టి, చందమామ వదిలి యువ పట్టుకోవడమంటే ఒకే ఇంట్లో కింది గది నుంచి పై గదికి మారినట్టుండేది. పైగా రెండింటి మీదా వడ్డాది పాపయ్య బొమ్మలే. మూలన 'వపా' అని సంతకం. చందమామ మీద దేవతలను, రాక్షసులను గీసే చెయ్యే ఇక్కడ తలారబెట్టుకునే అమ్మాయిని, దీపం పట్టుకుని ఎవరి కోసమో చూస్తున్న అమ్మాయిని గీసేది. ఆ దీపం వెలుగు చెంప మీద ఎలా పడిందో చూస్తూ చాలాసేపు కూచునేదాన్ని. అమ్మ చూస్తే లోపలి పేజీ తిప్పేదాన్ని. లోపల బాపు బొమ్మ ఉంటే అదీ ప్రమాదమే.

దసరా సెలవుల్లో టీచరమ్మ సరుకు చాలేది కాదు. చౌరస్తా దగ్గర ఒక అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. డిపాజిట్ ఐదు రూపాయలు, రోజుకు పావలా. పండగ సంచికకు అర్ధరూపాయి, అదీ ఒక్కరోజుకే. ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట, దబ్బనంతో గుచ్చి పురికొసతో కుట్టిన వీపు. మార్జిన్లలో పాత పాఠకుల పెన్సిల్ రాతలు. "ఈమెకు బుద్ధి లేదు" అని ఒకచోట, దాని కింద ఇంకొకరి చేతివ్రాతతో "నీకుందా" అని. కొందరు దుర్మార్గులు మొదటి పేజీలోనే "చివరికి పెళ్లవుతుంది" అని రాసేవాళ్లు. పెళ్లవుతుందని మాకు తెలియదా ఏమిటి? ఎలా అవుతుందన్నదే కదా చూడాల్సింది.

ఆ దుకాణదారు తెలివి ఏమిటంటే, లావుపాటి దీపావళి సంచికను నడిమికి విప్పి రెండు పుస్తకాలుగా కుట్టేవాడు. రెండు భాగాలు, రెండు అద్దెలు. కథ మధ్యలో తెగిందా, పేరా మధ్యలో తెగిందా అన్నది ఆయనకు పట్టదు. ఒకసారి మొదటి భాగం తెచ్చుకున్నాను. అందులో చివరి పేజీలో కొత్తల్లుడు అలిగి మేడ మీదికి వెళ్లాడు. కొత్త పెళ్లికూతురు పాలగ్లాసు పట్టుకుని మెట్లెక్కింది. "ఆమె తలుపు" అన్న మాటతో పుస్తకం అయిపోయింది. తట్టిందా, తీసిందా, గడియ పెట్టిందా? రెండో భాగం నయీంనగర్‌లో ఎవరో తీసుకుపోయారు. దసరా సెలవులన్నీ ఆ తలుపు దగ్గరే గడిచిపోయాయి. చివరికి రెండో భాగం దొరికాక చూస్తే, తలుపు తోసింది. లోపల అతను గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఇంత మామూలు సంగతి కోసమా అని ఏడుపొచ్చింది కానీ, ఆ రచయిత మీద ఇప్పుడు గౌరవం కలుగుతోంది.

అల్లుడి అలక కథలు కుప్పలుగా వచ్చేవి. పెళ్లయ్యాక వచ్చే మొదటి పండక్కి అల్లుడిని పిలవాలి. వచ్చినవాడు ఏదో ఒకటి అడిగి అలగాలి. వాచీ, రేడియో, స్కూటరు. మామగారు చేతిలో డబ్బులేక వసారాలో పచార్లు చేయాలి. బామ్మ సరసాలాడాలి. చివరికి స్కూటరు వస్తుంది, లేదా భార్య కన్నీళ్లకు అల్లుడు కరిగి "నాకు స్కూటరెందుకు, నువ్వున్నావుగా" అంటాడు. అప్పుడు ఆ మాటకు నా కళ్లు చెమర్చేవి. ఇప్పుడు ఆ కథలు మళ్లీ చదివితే ఒళ్లు మండుతుంది. కట్నం బాకీ వసూలుకు వచ్చినవాడిని పట్టుకుని సరసుడు అన్నారు. బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. అల్లుడి మూతి ముడుపు చూస్తే వాడి జాతకం తెలిసిపోయేలా.

సంక్రాంతి కథలు అలా కాదు. వాటిని ఇప్పటికీ ఇష్టంగా చదవగలను. ఎందుకని ఆలోచిస్తే, ఆ పండగలోనే కథకు కావలసిన సామానంతా ఉందనిపిస్తుంది. ప్రేమకథకు గడువు కావాలి. భోగి, సంక్రాంతి, కనుమ అని మూడు రోజుల గడువు పండగే ఇస్తుంది. ఊళ్లో లేనివాళ్లంతా ఊరికి రావాలి, కాబట్టి ఏళ్ల తరబడి మాటల్లేనివాళ్లు కూడా ఒకే పంక్తిలో భోజనానికి కూచోవాలి. భోగిమంట దగ్గర తెల్లవారుజామున ఎవరు ఎవరి పక్కన నిలబడ్డా ఎవరూ అడగరు. రెండో రోజు అపార్థం. బావ సంచి సర్దుకుని బయలుదేరతాడు. అప్పుడు పెద్దాయన ఎవరో అరుగు మీద నుంచి "కనుమనాడు కాకైనా కదలదురా" అంటాడు. అంతే, కథానాయకుడు ఆగిపోయాడు. ఒక్క సామెతతో రైలు తప్పించేశారు! ఇంత సులువైన ఉపాయం ఏ భాష రచయితకు దొరుకుతుంది?

ముగింపు కూడా పంచాంగమే రాసి పెట్టింది. ధనుర్మాసంలో పెళ్లిమాట ఎత్తరు. పుష్యం శూన్యమాసం. మాఘం వచ్చిందంటే ముహూర్తాలు. అందుకే అన్ని కథలూ మేనమామ నోట ఒకే వాక్యంతో అయిపోయేవి, మాఘంలో మంచి ముహూర్తం ఉందిట అని. కనుమకూ మాఘానికీ మధ్య ఉన్న ఆ కొద్ది రోజుల్లో ఏం జరిగిందో ఏ కథా చెప్పేది కాదు. ఆ ఖాళీని మేం నింపుకునేవాళ్లం. స్కూల్లో చివరి బెంచీలో నేనూ, నా స్నేహితురాలూ బావ రాసే ఉత్తరాలు ఊహించుకునేవాళ్లం. ఆషాఢమాసం కథలైతే దీనికి తలకిందులు. కొత్త కోడలిని పుట్టింటికి పంపేస్తారు, మొగుడు దొంగచాటుగా ఆఖరి బస్సుకు అత్తారింటికి వస్తాడు, తెల్లారేలోగా పోవాలి. పెళ్లయినవాళ్లను కూడా ప్రేమికులను చేసే నెల అది. వాటిని అమ్మ కంటపడకుండా సోషల్ పుస్తకంలో పెట్టి చదివేదాన్ని. లెక్కల పుస్తకం పలచన, అందులో ఇమిడేవి కావు.

నాయనకు ఇవన్నీ "పనికిమాలిన పుస్తకాలు". అమ్మకు చదవడం కూడబలుక్కుని వచ్చేది. అందుకని సకినాలు చుట్టేటప్పుడు నేను పైకి చదివేదాన్ని. చుట్టూ కూచున్న ఆడవాళ్ల వేళ్ల నుంచి నువ్వులు, వాము కలిసిన తడి బియ్యప్పిండి సన్నగా జారి రింగులు రింగులుగా ధోవతి మీద పడుతుండేది. కథలో అరిసెలు వండుతుంటే "అరిసెలు జేసుడు శాన కష్టం, పాకం దప్పితే అంతే" అని ఒకామె. పూతరేకుల దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగేవాళ్లు. కాగితంలాంటి మిఠాయి అంటే ఎవరికీ నమ్మకం కలగలేదు. తర్వాత టీచరమ్మ ఊరి నుంచి తెచ్చి తలా ఒకటి పెట్టింది. అమ్మ నోట్లో వేసుకుని, "పుస్తకాల ఉన్నట్టే ఉన్నదే" అంది, అదేదో మెచ్చుకోలుగా. వేయించిన సకినాలకు నూనె పీల్చడానికి కింద పాత పత్రికల పేజీలు పరిచేది. నూనె పట్టిన కాగితంలో రెండువైపుల అక్షరాలూ ఒకదాని మీద ఒకటి కనబడేవి. ఒక వైపు సీరియల్, ఇంకో వైపు సబ్బు ప్రకటన. అవి కూడా వదలకుండా చదివేదాన్ని.

సీరియళ్లు చింపి కుట్టుకునే పిచ్చి మా చిన్నమ్మది. అమ్మ చివరి చెల్లెలు. బీఎడ్ చదవడానికి మా ఇంట్లో ఉండేది. ప్రతివారం సీరియల్ పేజీలు జాగ్రత్తగా కత్తిరించి, వరసగా పేర్చి, అయిపోయాక అట్టలేసి కుట్టేది. వాటి మీద తన పేరు రచయిత పేరు కంటే పెద్దగా రాసుకునేది. నాకు కథలంటే ఇష్టం. ఆమెకు కథలంటే పట్టుదల. ఒక దసరా ముందు పేపర్లో దీపావళి కథల పోటీ ప్రకటన చూసి, తనూ రాస్తానంది.

రాసింది. అరఠావుల మీద ఒకవైపే, ఎడమవైపు మార్జిన్ వదిలి, "ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు" అని హామీపత్రం జతచేసి, తగినన్ని స్టాంపులు అంటించిన తిరుగు కవరు పెట్టి. కథ బతుకమ్మ మీద. ఇద్దరు స్నేహితురాళ్లు. ఇద్దరికీ పెళ్లయి చెరో ఊరికి పోయారు. ఏడాదికోసారి పుట్టింట్లో, బతుకమ్మ ఆడే ఆ తొమ్మిది రోజులే కలుస్తారు. ఈ ఏడు ఒకామె రాలేదు. ఎంగిలిపూల నాటి నుంచి రెండో ఆమె రోజూ తంగేడు, గునుగు పేర్చి, తన పాటా, స్నేహితురాలి పాటా తనే పాడుతూ ఎదురుచూస్తుంది. సద్దుల బతుకమ్మ రాత్రి ఆఖరి బస్సుకు ఆమె వస్తుంది. అప్పటికే బతుకమ్మలు నీళ్లలో కలిశాయి. చేతిలో మిగిలిన మలీద ముద్దను ఇద్దరూ "ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంటూ పంచుకుంటారు. ఎందుకు ఆలస్యమైందో కథలో చెప్పలేదు. నేను అడిగితే, "ఆడిపిల్లకు ఆలస్యం ఎందుకైతదో చెప్పాల్నా?" అంది.

టీచరమ్మకు చూపించాం. ఆమె శ్రద్ధగా చదివింది. "చాలా బాగుందమ్మా. మలీదంటే ఏమిటి?" అని అడిగింది. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారని అమ్మ చెప్పింది. టీచరమ్మ కొంచెం తటపటాయించి, "ఓ బావను పెట్టకూడదూ? పోటీ కదా" అంది. ఆ మాట చిన్నమ్మకు గుచ్చుకుంది. ఆ రాత్రి నాతో, "బతుకమ్మ కాడ మొగోళ్లకు పనేమున్నది? హీరోను తెచ్చి ఏడ నిలవెట్టాలె?" అంది.

ఆ ప్రశ్న నన్ను ఇన్నేళ్లుగా వదల్లేదు. పద్మాక్షి గుట్ట కింద సద్దుల బతుకమ్మనాడు నిలబడి చూసినవాళ్లకు తెలుస్తుంది. వేల మంది ఆడవాళ్లు, మధ్యలో పూల గోపురాలు, చప్పట్లు, పాట. మగవాళ్లు బతుకమ్మను మోసుకొచ్చి దింపుతారు, దూరంగా నిలబడతారు, అవసరమైతే నీళ్లలో దిగి వదిలి వస్తారు. ఆ వలయంలోకి ఏ బావా రాడు. సంక్రాంతి కథలో మరదలు గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతున్నా, కథ చూసేది బావ కళ్లతోనే. బతుకమ్మలో ఎవరి కళ్లతో చూస్తావు? అందుకే కాబోలు మా పెద్ద పండగ మీద ప్రేమకథలు పుట్టలేదు. పత్రికల చిరునామాలు విజయవాడవో మద్రాసువో కావడం కూడా కారణమే, కానీ అదొక్కటే కాదని నా అనుమానం.

చిన్నమ్మ ఊరుకోలేదు. దసరానాటి జమ్మి మీద ఇంకో ఎత్తు వేసింది. హీరో జమ్మి ఆకు తెచ్చి "బంగారం" అంటూ హీరోయిన్ చేతిలో పెడతాడు. బాగానే ఉంది కదా అనుకున్నాం. అమ్మ వినీ వినగానే నవ్వడం మొదలుపెట్టింది. "బంగారం చేతుల వెట్టినంక కాళ్లు మొక్కాలె గదనే. హీరో హీరోయిన్ కాళ్లు మొక్కుతడా?" చిన్నమ్మ ఆ కాగితం అక్కడే చింపేసింది. మొక్కితే తప్పేమిటని ఇప్పుడు అనిపిస్తోంది. మంచి కథ అయ్యేది.

మొదటి కథ దీపావళి దాటాక తిరుగు టపాలో వచ్చింది. ఏ పత్రికో ఇప్పుడెందుకు. ప్రచురణకు అనుకూలంగా లేనందుకు చింతిస్తున్నామని అచ్చుకాగితం ముక్క. చిన్నమ్మ ఆ చీటీని కూడా సీరియల్ పేజీల మధ్యలో కుట్టేసింది. ఆ సంక్రాంతికి ఊరెళ్లి వచ్చిన టీచరమ్మ పూతరేకులు ఇస్తూ, అమ్మ పక్కన కూచుని చాలాసేపు మాట్లాడింది. నేను వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది కాబట్టి బాగా విన్నాను. "ఏం పండగ అక్కయ్యగారూ. ముప్ఫై మందికి వండి వార్చడంతోనే సరి. భోగిమంట చూడ్డానికి వీధిలోకి వచ్చి ఎన్నేళ్లయిందో. మా తమ్ముడు కోడిపందేల్లో పోగొట్టింది ఇంకా తీరలేదు." అంటే ఆ సంక్రాంతి అక్కడి ఆడవాళ్లకు కూడా సగం పత్రికల్లోనే ఉందన్నమాట. ఆమె అన్ని పత్రికలు ఎందుకు కొనేదో నాకు ఆరోజు అర్థమైంది.

తర్వాత కాలేజీ రోజుల్లో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి వెళ్లడం అలవాటైంది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో వస్తే, మా హనుమకొండది 1904లో వచ్చింది. నిజాం కాలంలో తెలుగు పుస్తకానికి చోటు వెతికిన పెద్దల పుణ్యం. అక్కడే పాకాల యశోదారెడ్డిగారి 'మా ఊరి ముచ్చట్లు' దొరికింది. 1973లో వచ్చిన పుస్తకం. తీసి చదివితే అందులో మనుషులు మా అమ్మలాగా మాట్లాడుతున్నారు. అచ్చులో మన మాట ఉండొచ్చని ఎవరో అనుమతి ఇచ్చినట్టుగా ఉండింది. చిన్నమ్మకు తెచ్చి ఇచ్చాను. అప్పటికి ఆమెకు పెళ్లయి, పిల్లలు, ఉద్యోగం. రెండు రోజుల్లో చదివి, "మనోళ్లు గూడ రాసిన్రన్నట్టు" అని మాత్రం అంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగ అయ్యాక పత్రికలు బతుకమ్మ ప్రత్యేక పేజీలు వేశాయి, పూల పేర్లు, ప్రసాదాల పేర్లు, సినిమా తారల ఫొటోలు. కథలు మాత్రం వెతుక్కోవాల్సి వచ్చేది.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. నవంబరు చివర నుంచి ఫోన్లో క్రిస్మస్ ప్రేమకథలు చదవడం దానికి అలవాటు. ఇంత చదువు చదివి ఇవేం కథలని అడిగితే, "అమ్మా, నువ్వు సకినాల కాగితం చదివినదానివి, నన్నంటావా" అంది. కిందటేడాది నేనక్కడ ఉన్నప్పుడు నాకూ రెండు మూడు చదివి చెప్పింది. పెద్ద నగరంలో ఉద్యోగం చేసే అమ్మాయి క్రిస్మస్‌కు సొంతూరు వస్తుంది. చిన్న ఊరు, మంచు. ఊళ్లో బేకరీ మూతపడేలా ఉంటుంది. చిన్ననాటి స్నేహితుడు ఇంకా పెళ్లి చేసుకోకుండా అక్కడే ఉంటాడు. అపార్థం. వెళ్లిపోదామంటే మంచు తుఫాను, విమానాలు రద్దు. నేను సోఫాలో నుంచి లేచి కూచున్నాను. ఇది మన కాలువ గట్టు కథ! ఎడ్లబండి బదులు విమానం, అరిసెల బదులు అల్లం బిస్కెట్లు. కనుమనాడు కాకిని ఆపినట్టు, వాళ్లు మంచు తుఫానుతో ఆపారు. పండగకు కథ అమ్మడం వాళ్లకూ పాత విద్యే. డికెన్స్ తన చిన్న క్రిస్మస్ నవలికను 1843 డిసెంబరు 19న విడుదల చేస్తే, పండగ ముందురోజుకే ఆరు వేల ప్రతులు అయిపోయాయట. అర్ధరూపాయి అద్దె దుకాణాలు అక్కడా ఉండే ఉంటాయి.

ఒక తేడా మాత్రం ఉంది. ఆ కథల్లో పట్నం నుంచి వచ్చేది ఆడపిల్ల. చూసేది ఆమె కళ్లతోనే. బావ ఊళ్లోనే ఉండి కట్టెలు కొడుతుంటాడు. ఇది నాకు నచ్చింది.

ఈ సంగతులన్నీ ఒక ఆదివారం వీడియో కాల్‌లో చిన్నమ్మకు చెప్పాం. ఆమె రిటైరై హనుమకొండలోనే ఉంది. కళ్లకు ఆపరేషన్ అయింది, చదవడం తగ్గింది, వినడం పెరిగింది. బేకరీ కథ మొత్తం విని, "పండుగ అయిపాయె. మరి లగ్గం ఎప్పుడు? వాళ్లకు మాఘమాసం ఉండదా?" అంది. మా అమ్మాయి పడిపడి నవ్వింది. నవ్వు ఆగాక, "చిన్నమ్మమ్మా, నువ్వు కూడా ఓ కథ రాశావటగా. చెప్పవా" అంది.

చిన్నమ్మ మొదట ఏమీ గుర్తులేదంది. తర్వాత మొదలుపెట్టి, తంగేడు పూల దగ్గర నుంచి ఆఖరి బస్సు దాకా, ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది. అప్పుడు రాసిన వాక్యాలే కొన్ని యథాతథంగా వచ్చాయి. మలీద ముద్ద దగ్గర ఆగింది. అమ్మాయి కాసేపు చూసి, "బాగుంది చిన్నమ్మమ్మా. కానీ ఇందులో హీరో ఏడి?" అంది.

"ఉన్నడు బిడ్డా," అంది చిన్నమ్మ. "ఇంట్ల పొల్లగాన్ని ఎత్తుకొని కూసున్నడు. లేకుంటె ఆమె ఆ బస్సన్న ఎట్లెక్కుతది?"